తాతయ్య అన్నాడు: "స్విచ్ మాత్రం ముట్టుకోకండి"

మొన్న సమ్మర్ హాలిడేస్‌లో ఏఎస్ రావు నగర్‌లో మా తాతయ్య వాళ్లింట్లో కూర్చుని నేనూ, మా సీఎస్ఈ దోస్తూ ఒక ఘనకార్యం చేశాం. ఒకే ఒక్క మౌస్ క్లిక్. ఆ క్లిక్‌తో మా పెదనాన్న రాసిన పది ఉత్తరాలు కంప్యూటర్‌లోంచి మాయమైపోయాయి. పెదనాన్న ఇప్పుడు లేరు. ఆ ఉత్తరాలకి వేరే కాపీ కూడా లేదు. కాగితం మీద ఉన్నవి ఎప్పుడో ఇల్లు మారేటప్పుడు చెదలు తినేశాయి.

తర్వాత అవి దొరికాయి లెండి, దాదాపుగా. ఎలా దొరికాయో చెప్పాలంటే "రీసెట్ కొడితే మెమరీలో అసలు ఏం పోతుంది?" అనే ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలి. మన ఓఎస్ క్లాసులో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అందుకే ఈ వ్యాసం.

సూట్‌కేస్‌లో వచ్చిన మెషిన్

మా పెదనాన్న 1988లో ఉద్యోగం మీద ఇంగ్లండ్ వెళ్లారు. అక్కడ కొన్న మొదటి కంప్యూటర్ అమిగా 500. కామొడోర్ కంపెనీ 1987లో తెచ్చిన హోమ్ కంప్యూటర్ ఇది. కీబోర్డ్, మదర్‌బోర్డ్, ఫ్లాపీ డ్రైవ్ అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. హార్డ్ డిస్క్ లేదు. ప్రాసెసర్ మోటరోలా 68000, స్పీడ్ సుమారు 7 మెగాహెర్ట్జ్. మెమరీ 512 కేబీ. కింద ఉన్న చిన్న మూత తీసి ఇంకో 512 కేబీ కార్డు పెట్టుకోవచ్చు. పెదనాన్న అది కూడా పెట్టించారు. అంటే మొత్తం 1 ఎంబీ. మన ఫోన్‌లో ఒక్క ఫోటో కూడా పట్టనంత.

దాని మీద ఆయన నాన్నమ్మకి ఉత్తరాలు టైప్ చేసేవారు. తెలుగు ఫాంట్ లేదు కాబట్టి మనం వాట్సాప్‌లో కొట్టినట్టే ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. ప్రింట్ తీసి పోస్ట్ చేసేవారు. నాన్న స్కూల్ నుంచి వచ్చి, తర్వాత కాలేజీ నుంచి వచ్చి, నాన్నమ్మకి చదివి వినిపించేవారట.

ఈ ఏడాది పెద్దమ్మ వచ్చినప్పుడు ఆ మెషిన్‌ని సూట్‌కేస్‌లో పెట్టుకుని తెచ్చారు. దాంతో పాటు ఒక ఫ్లాపీల డబ్బా. అందులో ఒకదాని మీద బాల్ పెన్‌తో "అమ్మకి" అని రాసి ఉంది.

ఇంగ్లండ్ కరెంటూ మన కరెంటూ దాదాపు ఒకటే వోల్టేజ్ కాబట్టి ప్లగ్ ఒక్కటి మారిస్తే చాలు, ఆన్ అయింది. పాత టీవీకి కాంపోజిట్ కేబుల్ తగిలించాం. అమిగా 500 కాంపోజిట్ అవుట్‌పుట్ బ్లాక్ అండ్ వైట్ మాత్రమే ఇస్తుంది. "పర్లేదు, ఉత్తరాలేగా" అనుకున్నాం. ఈ బ్లాక్ అండ్ వైట్ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత మన కొంప ముంచేది ఇదే.

ర్యామ్ వేరు, ర్యాడ్ వేరు

ఫ్లాపీ పరిస్థితి బాలేదు. ముప్పై ఐదేళ్ల నాటిది. చదువుతుంటే డ్రైవ్ గరగరమంటోంది. ఇలాంటి ఫ్లాపీని ఎన్నిసార్లు చదివితే అంత నష్టం. హెడ్ రాసుకుని పైన ఉన్న పూత లేచిపోతుంది. కాబట్టి ముందు రైట్ ప్రొటెక్ట్ బిళ్ల జరిపి, ఒక్కసారి మొత్తం చదివి ఇంకెక్కడైనా పెట్టుకోవాలి. మామూలు పీసీ ఫ్లాపీ డ్రైవ్ అమిగా ఫ్లాపీని చదవలేదు, ఫార్మాట్ వేరు. మరి ఒకే డ్రైవ్ ఉండి, హార్డ్ డిస్క్ లేని మెషిన్‌లో ఇంకెక్కడ పెడతాం? మెమరీలోనే.

అమిగాలో రెండు రకాల ర్యామ్ డిస్కులు ఉన్నాయి. మొదటిది పేరుకే ర్యామ్. ఎంత కాపీ చేస్తే అంత పెరుగుతుంది, ఫైళ్లు తీసేస్తే తగ్గుతుంది. రీసెట్ కొడితే ఖాళీ. రెండోది ర్యాడ్. 1988లో వర్క్‌బెంచ్ 1.3తో వచ్చింది. దీని సైజు ముందే చెప్పాలి, అంత మెమరీని కబ్జా చేసి కూర్చుంటుంది. కానీ మెషిన్ హ్యాంగ్ అయి రీసెట్ కొట్టినా ఇందులో ఉన్న ఫైళ్లు పోవు. అందుకే దీన్ని రికవరబుల్ ర్యామ్ డిస్క్ అన్నారు. ఈ మెషిన్లు మాటిమాటికీ క్రాష్ అయ్యేవి కాబట్టి అప్పట్లో ఇది వరం లాంటిది.

సైజు మౌంట్‌లిస్ట్ అనే టెక్స్ట్ ఫైల్‌లో రాయాలి. లెక్క ఫ్లాపీ లెక్కే: బ్లాక్‌కి 512 బైట్లు, ట్రాక్‌కి 11 బ్లాకులు, రెండు వైపులు. అంటే ఒక సిలిండర్‌కి 11 కేబీ. మొత్తం 80 సిలిండర్లు పెడితే 880 కేబీ, ఒక పూర్తి ఫ్లాపీ అంత. కానీ మనకున్నదే 1024 కేబీ, అందులో 880 దీనికి ఇస్తే మిగతా సిస్టమ్‌కి ఊపిరాడదు. మేం 32 సిలిండర్లు పెట్టాం: 352 కేబీ. ఉత్తరాలకి అది చాలా ఎక్కువ.

మౌంట్ కమాండ్ ఇచ్చి, ఒకసారి డైరెక్టరీ చూసి, ఫ్లాపీలోని పది ఫైళ్లూ ర్యాడ్‌లోకి కాపీ చేశాం. రెండు ఫైళ్ల దగ్గర డ్రైవ్ చాలాసేపు ఆయాసపడింది కానీ మొత్తానికి పదీ వచ్చేశాయి. నాన్నమ్మ వచ్చి వెనకాల నిలబడింది. "వచ్చేశాయి నాన్నమ్మా, ఇంక వీటిని నా లాప్‌టాప్‌లోకి పంపిస్తే అయిపోయినట్టే" అన్నాను.

ఆ క్లిక్

లాప్‌టాప్‌లోకి పంపడానికి సీరియల్ కేబుల్ ఉంది. పెదనాన్న డబ్బాలోనే ఒక ఫ్లాపీలో టెర్మినల్ ప్రోగ్రామ్ దొరికింది. అది పెట్టి రన్ చేశాం. క్రాష్. అమిగాలో క్రాష్ అయితే పైన ఒక పెట్టె మెరుస్తూ కనిపిస్తుంది, దాన్నే గురు మెడిటేషన్ అంటారు. ఎడమ మౌస్ బటన్ నొక్కితే రీసెట్ అవుతుంది. దోస్తు నొక్కాడు. "ఏం కాదు, ర్యాడ్ ఉందిగా" అన్నాడు ధీమాగా.

రీసెట్ అయింది. వెంటనే ఇంకో మెసేజ్ వచ్చింది. మళ్లీ గురువుగారే అనుకున్నాం. ఈసారి నేను నొక్కాను.

అది గురువుగారు కాదు. ఆ ఫ్లాపీ బూట్‌బ్లాక్‌లో, అంటే మొదటి 1024 బైట్లలో, పెదనాన్న ఒక వైరస్ కాపలా ప్రోగ్రామ్ పెట్టుకున్నారు. రీసెట్ తర్వాత కూడా మెమరీలో ఏదో బతికి ఉందని అది గమనించి, తీసేయమంటారా అని అడిగింది. మేం చదవకుండా "తీసెయ్" అన్నాం. కలర్ టీవీ కనెక్షన్ ఉంటే గురువుగారి ఎరుపు రంగు తేడా అక్కడే పట్టేసేవాళ్లం. బ్లాక్ అండ్ వైట్‌లో రెండూ ఒకేలా కనిపించాయి. తప్పు మెషిన్‌ది కాదు, చదవని మాది.

వర్క్‌బెంచ్ ఫ్లాపీ పెట్టి ర్యాడ్ అని కొట్టాం. ఆ పేరుతో ఉన్న డిస్కు ఏదైనా డ్రైవ్‌లో పెట్టమని అడిగింది. అంటే అలాంటి డిస్కు ఒకటి ఉండేదని కూడా దానికి గుర్తులేదు. నాకు చెమటలు పట్టాయి. దోస్తు "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేద్దామా?" అంటూ స్విచ్ వైపు చెయ్యి పెట్టాడు.

అప్పుడు వెనక కుర్చీలోంచి తాతయ్య గొంతు: "స్విచ్ మాత్రం ముట్టుకోకండి. ముందు చెప్పండి, పోయింది ఏంటి? సరుకా, రిజిస్టరా?"

తాతయ్య కాలం నాటి మెమరీ

ఇక్కడ తాతయ్య గురించి రెండు ముక్కలు. మా ఏరియాలో చాలామంది తాతయ్యల్లాగే ఆయనా ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైర్ అయ్యారు. ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్ మీదుగా రోజూ కాలేజీ బస్సులో వెళ్లే మనలో ఎంతమందికి తెలుసో గానీ, ఏఎస్ రావు నగర్‌లోని ఏఎస్ రావు అంటే అయ్యగారి సాంబశివరావు గారు. 1967లో పెట్టిన ఈసీఐఎల్‌ని మొదటినుంచీ నడిపిన శాస్త్రవేత్త. 1969లో అక్కడి నుంచి టీడీసీ-12 అనే కంప్యూటర్ వచ్చింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. 12 అంటే ఒక్కో పదానికి 12 బిట్లు.

ఆ తరం మెషిన్లలో మెమరీ అంటే చిప్పులు కాదు, అయస్కాంత కోర్లు. ఆవగింజల్లాంటి చిన్న చిన్న ఫెరైట్ రింగులు, వాటిలోంచి దూర్చిన సన్నటి తీగలు. ఒక్కో రింగు ఒక్కో బిట్. రింగు ఏ దిక్కుగా అయస్కాంతం అయిందో అదే సున్నా లేదా ఒకటి. 12 బిట్ల పదాలు 4096 కావాలంటే 49,152 రింగులు గుచ్చాలి. మల్లెపూలు గుచ్చినట్టే, కాకపోతే ఒక్కటి తప్పినా మాల పనికిరాదు.

ఈ కోర్ మెమరీకి ఒక చిత్రమైన గుణం ఉంది. చదివితే చెరిగిపోతుంది, అందుకని చదివిన ప్రతిసారీ మెషిన్ మళ్లీ రాసిపెట్టాలి. కానీ కరెంటు పోతే మాత్రం చెరగదు. అయస్కాంతానికి కరెంటుతో పనేముంది? "రాత్రి ఆపేసి ఇంటికెళ్లి, పొద్దున్నే వచ్చి ఆన్ చేస్తే ప్రోగ్రామ్ అక్కడే కూర్చుని ఉండేది. మీ చిప్పులొచ్చాకే ఈ ఏడుపంతా" అన్నారు తాతయ్య.

మన చిప్పులు, అంటే డీర్యామ్, వేరే కథ. ప్రతి బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్. చార్జ్ కారిపోతూ ఉంటుంది, సెకనుకి ఎన్నోసార్లు నింపుతూ ఉండాలి. కరెంటు తీస్తే కొద్దిసేపట్లో ఖాళీ. అందుకే తాతయ్య స్విచ్ ముట్టుకోవద్దన్నది. కానీ రీసెట్ అంటే కరెంటు తీయడం కాదు కదా. ప్రాసెసర్‌ని మొదటి మెట్టు దగ్గరికి పంపించడం మాత్రమే. చిప్పుల్లో ఉన్న చార్జ్ ఎక్కడిదక్కడే ఉంటుంది.

మరి రీసెట్‌లో పోయేది ఏంటి?

సరుకు, రిజిస్టర్

ఒక గోడౌన్ అనుకోండి. చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో ఏదో ఒక గోడౌన్. అందులో బస్తాలున్నాయి. ఏ బస్తా ఎవరిదో రిజిస్టర్‌లో రాసి ఉంది. రీసెట్ అంటే మేనేజర్ మారడం. కొత్త మేనేజర్ వచ్చి పాత రిజిస్టర్ చించేసి, "గోడౌన్ మొత్తం ఖాళీ" అని కొత్త రిజిస్టర్ మొదటి పేజీలో రాసుకుంటాడు. బస్తాలు మాత్రం కదల్లేదు. కానీ రిజిస్టర్ ప్రకారం ఖాళీ కాబట్టి ఎవరు సరుకు తెచ్చినా వాటి మీదే పడేస్తాడు. మామూలు ర్యామ్ డిస్కు ఫైళ్లు పోయేది ఇలాగే.

ర్యాడ్ చేసేది ఏంటంటే, కొత్త మేనేజర్‌కి కనపడేలా ఒక చీటీ వదిలిపెడుతుంది.

అమిగా ఓఎస్ గుండెకాయ పేరు ఎగ్జెక్. దాని ముఖ్యమైన వివరాలన్నీ ఉన్న చోటు అడ్రస్ ఎప్పుడూ మెమరీలో 4వ అడ్రస్‌లో ఉంటుంది. రీసెట్ అవగానే రామ్ చిప్ కాదు, రోమ్ చిప్‌లో ఉన్న కిక్‌స్టార్ట్ ముందుగా అక్కడ చూస్తుంది. ఆ వివరాలు పాడవలేదని చెక్‌సమ్‌తో తేల్చుకుంటే, అందులోని మూడు గళ్లని జాగ్రత్తగా దాచుకుంటుంది. ఒకటి కిక్‌మెమ్ పాయింటర్: "ఈ ఈ మెమరీ ముక్కలు నావి, ఇంకెవరికీ ఇవ్వకండి" అనే జాబితా. రెండోది కిక్‌ట్యాగ్ పాయింటర్: "నన్ను మళ్లీ లేపండి" అనే జాబితా. మూడోది ఈ రెండు జాబితాలకీ కలిపి వేసిన చెక్‌సమ్. లెక్క సరిపోతే, కొత్త రిజిస్టర్ మొదలుపెట్టేటప్పుడే ఆ ముక్కల్ని ర్యాడ్ పేరున రాసేసి, ర్యాడ్ డ్రైవర్‌ని నిద్రలేపుతుంది. సరిపోకపోతే చీటీ చెత్తబుట్టలోకి.

ఇక్కడ రెండు విషయాలు మనవాళ్లు గమనించాలి.

ఒకటి: ఆ చెక్‌సమ్ చీటీకి మాత్రమే, సరుకుకి కాదు. క్రాష్ అయ్యే ముందు పిచ్చెక్కిన ప్రోగ్రామ్ ఏదైనా మీ ఫైల్ మధ్యలో చెత్త రాసి పోయినా, ర్యాడ్ చక్కగా తిరిగొస్తుంది. ఫైళ్ల పేర్లూ కనిపిస్తాయి. లోపల ఉన్నది సరైనదని గ్యారంటీ మాత్రం లేదు. తిరిగొచ్చింది కదా అని సంబరపడకుండా తెరిచి చూసుకోవాలి.

రెండు: ఈ చీటీ ఎవరైనా పెట్టొచ్చు. 1987 తర్వాత వచ్చిన అమిగా వైరస్‌లు రీసెట్ తట్టుకుని బతకడానికి ఇలాంటి గళ్లనే వాడుకున్నాయి. కాబట్టి కాపలా ప్రోగ్రామ్ దృష్టిలో ర్యాడ్‌కీ వైరస్‌కీ పెద్ద తేడా లేదు. రెండూ "నన్ను మళ్లీ లేపండి" అని చీటీ పెట్టేవే. మేం నొక్కిన క్లిక్ చేసింది ఇదే: ఆ గళ్లలో సున్నాలు రాసి మళ్లీ రీసెట్ కొట్టింది. మెమరీ మొత్తం తుడవలేదు.

అంటే పోయింది రిజిస్టర్. సరుకు ఇంకా గోడౌన్‌లోనే ఉంది. కానీ మేం కొట్టే ప్రతి కమాండూ ఎక్కడో ఒక బస్తా మీద కూర్చుంటోంది.

వెతుకులాట

దోస్తు మళ్లీ మౌంట్ ర్యాడ్ అని కొట్టబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. మళ్లీ మౌంట్ చేస్తే కొత్త ఖాళీ ర్యాడ్ తయారై అదే మెమరీ మీద కూర్చుంటుంది. అప్పుడు నిజంగానే పోతాయి.

రీసెట్ తర్వాత మెమరీ వెతకడం కొత్త ఐడియా ఏమీ కాదు. అప్పట్లో అమిగా కుర్రాళ్లు గేమ్ ఆడుతూ మధ్యలో రీసెట్ కొట్టి, మెమరీలో మిగిలిపోయిన మ్యూజిక్‌ని రిప్పర్ ప్రోగ్రాములతో ఏరుకునేవాళ్లు. మేం ఏరాల్సింది పాటలు కాదు, ఉత్తరాలు. పెదనాన్న డబ్బాలో అమిగాబేసిక్ ఫ్లాపీ ఉంది. దాన్ని లోడ్ చేస్తే అదీ కొంత మెమరీ తినేస్తుంది, కొన్ని బస్తాలు పోతాయి. వేరే దారి లేక ఒప్పుకున్నాం.

ఇప్పుడు మాకు కలిసొచ్చింది పాత ఫైల్ సిస్టమ్. 1.3 కాలం నాటి అమిగా ఫైల్ సిస్టమ్‌లో 512 బైట్ల బ్లాక్ మొత్తం డేటాకే ఇవ్వరు. మొదటి 24 బైట్లు ఆ బ్లాక్ ఎవరిదో చెప్పే హెడర్, మిగిలిన 488 బైట్లే డేటా. హెడర్‌లో నాలుగేసి బైట్ల చొప్పున ఆరు అంకెలు: మొదటిది 8, అంటే ఇది డేటా బ్లాక్. రెండోది ఏ ఫైల్‌దో. మూడోది ఆ ఫైల్‌లో ఎన్నో బ్లాకో. నాలుగోది ఇందులో ఎన్ని బైట్లు పనికొచ్చేవో. ఐదోది తర్వాతి బ్లాక్ ఎక్కడో. ఆరోది చెక్‌సమ్. అంటే ప్రతి బస్తా మీదా ఓనర్ పేరూ, వరస నంబరూ కుట్టేసి ఉన్నాయన్నమాట. రిజిస్టర్ పోయినా బస్తాలే చెబుతాయి మేం ఎవరివని. స్థలం వృథా అని తర్వాతి కాలంలో ఈ హెడర్ తీసేశారు. ఆ వృథానే మమ్మల్ని కాపాడింది.

పదిహేను లైన్ల ప్రోగ్రామ్ రాశాం. అదనపు మెమరీ కార్డు 12582912 అడ్రస్ దగ్గర మొదలై 13107199 దగ్గర ముగుస్తుంది. ఎనిమిదేసి బైట్లు జరుగుతూ చూడటం, ఎందుకంటే ఎగ్జెక్ మెమరీని ఎనిమిది బైట్ల ముక్కలుగానే పంచుతుంది. మొదటి అంకె 8 అయి, వరస నంబర్ 1 నుంచి 100 లోపు ఉండి, బైట్ల సంఖ్య 488 దాటకపోతే, ఆ బ్లాక్‌ని ఫైల్ నంబరుతో సహా సీరియల్ పోర్టుకి పంపించడం. అటువైపు నా లాప్‌టాప్ వచ్చిందంతా ఒక ఫైల్‌లో రాసుకోవడం. వేగం 9600 బాడ్, అంటే సెకనుకి సుమారు 960 అక్షరాలు.

మే నెల సాయంత్రం. గాలి దుమారం మొదలైంది. కరెంటు పోతే అంతే సంగతులు. ఇన్వర్టర్‌కి మార్చుదామంటే ప్లగ్ తీయాలి! ముందే ఇన్వర్టర్ పాయింట్‌లో పెట్టుకోవాల్సిందన్న జ్ఞానం అప్పుడొచ్చింది. నాన్నమ్మ ఇంట్లో ఫ్యాన్లు, ఏసీ అన్నీ ఆపేసి వచ్చింది, లోడ్ తగ్గితే కరెంటు పోదేమో అని. టెక్నికల్‌గా దానికి అర్థం లేదు. కానీ మేమెవరం కాదనలేదు.

లాప్‌టాప్ స్క్రీన్ మీద మొదటి బ్లాక్ వచ్చింది. అమ్మా, నేను క్షేమం, అని.

నేను చదవలేకపోయాను. దోస్తే చదివాడు.

స్కాన్ పూర్తయ్యాక లెక్క చూసుకుంటే పది ఉత్తరాల్లో మొత్తం 68 బ్లాకులుండాలి, 59 దొరికాయి. తొమ్మిది బేసిక్ కింద నలిగిపోయాయి. ఇవి లాప్‌టాప్‌లో భద్రంగా చేరాకే ఫ్లాపీని రెండోసారి చదివించాం. ఈసారి ఎనిమిది ఉత్తరాలే వచ్చాయి. నాలుగోది, తొమ్మిదోది రీడ్ ఎర్రర్. అంటే మొదటిసారి చదవడమే ఆ రెండింటికీ చివరిసారి. మెమరీ వెతక్కుండా ఆఫ్ చేసుంటే ఆ రెండూ శాశ్వతంగా పోయేవి.

తొమ్మిదో ఉత్తరం బ్లాకులన్నీ మెమరీలో దొరికాయి. నాలుగో దాంట్లో ఏడింటికి ఆరు. మధ్యలో ఒక 488 అక్షరాలు లేవు.

మీకూ ఇలా జరిగితే

మనలో అమిగా ఎంతమంది దగ్గరుంటుంది అంటారా? పాత మెషిన్ల పిచ్చి ఉన్నవాళ్లు కాలేజీలో కనీసం నలుగురు నాకు తెలుసు. ఎమ్యులేటర్‌లో ఆడుకునేవాళ్లకీ ఇవే పనికొస్తాయి. ర్యాడ్ నిలబడకపోతే వరసగా ఇవి చూడండి.

1. కాపీ చేసింది ర్యాడ్‌లోకా, ర్యామ్‌లోకా? ఒక్క అక్షరం తేడా. ఎక్కువసార్లు జరిగే పొరపాటు ఇదే.

2. కొట్టింది రీసెట్టా, పవర్ ఆఫా? కంట్రోల్‌తో పాటు రెండు అమిగా కీలూ కలిపి నొక్కితే రీసెట్. స్విచ్ ఆపితే ఏ ర్యాడూ బతకదు.

3. మౌంట్‌లిస్ట్‌లో ర్యాడ్ వివరాల చివర హ్యాష్ గుర్తు ఉందా? లేకపోతే ఎక్కడ ఆగాలో మౌంట్ కమాండ్‌కి తెలియదు. సైజు మెమరీకి సరిపడా ఉందా అన్నదీ చూడండి.

4. సైజు మార్చినా పాతదే చూపిస్తోందా? పాత ర్యాడ్ ఇంకా బతికే ఉంది. రెమ్‌ర్యాడ్ కమాండ్ ఇచ్చి రీసెట్ కొట్టాలి. ఇందులో ఫైళ్లన్నీ పోతాయి, ముందే తీసుకోండి.

5. బూట్ చేసిన ఫ్లాపీలో వైరస్ కాపలా ప్రోగ్రామ్ ఉందా? మా కేసు ఇదే. మెసేజ్ చదివి క్లిక్ చేయండి. రీసెట్ తర్వాత శుభ్రమైన వర్క్‌బెంచ్ ఫ్లాపీతోనే బూట్ చేయడం మంచిది.

6. చిప్ ర్యామే 1 ఎంబీ ఉన్న మెషిన్‌లో కిక్‌స్టార్ట్ 1.3 వాడుతున్నారా? స్టార్టప్ ఫైల్‌లో సెట్‌ప్యాచ్ కమాండ్ పక్కన ఆర్ అనే అక్షరం చేర్చాలి. అది ర్యాడ్ కోసమే పెట్టింది.

7. అన్నీ బాగుండి ర్యాడ్ తిరిగొచ్చినా, ఫైళ్లు తెరిచి చూడండి. చీటీ బాగుంటే సరుకు బాగున్నట్టు కాదు.

అన్నిటికంటే ముందు చేయాల్సింది మేం చేయలేదు. గ్రీజ్‌వీజిల్ లాంటి బోర్డు దొరుకుతుంది. దానికి మామూలు పీసీ ఫ్లాపీ డ్రైవ్ తగిలిస్తే, డిస్కు మీది అయస్కాంత సిగ్నల్‌నే నేరుగా చదివి లాప్‌టాప్‌లో దాస్తుంది. విలువైన ఫ్లాపీ ఉంటే మొదటి అడుగు అదే అవ్వాలి. ర్యాడ్ పని చేసుకునే బల్ల లాంటిది, బీరువా కాదు.

మన జేబుల్లో కూడా

ఇదంతా పాత చింతకాయ పచ్చడి అనుకోకండి. లైనక్స్‌లో ర్యామ్‌ఊప్స్ అని ఒకటుంది. మెమరీలో కొంత భాగాన్ని పక్కన పెట్టి, కెర్నెల్ క్రాష్ అయ్యేటప్పుడు చివరి మాటలు అక్కడ రాస్తుంది. రీబూట్ అయ్యాక ఆ భాగాన్ని తుడవకుండా చదివి ఏం జరిగిందో తెలుసుకుంటారు. ఆండ్రాయిడ్ ఫోన్లు తయారుచేసేవాళ్లు క్రాష్‌ల కారణాలు పట్టుకోవడానికి వాడేది ఇలాంటి పద్ధతే. ర్యాడ్‌కి మనవడి వరస అవుతుంది.

ఇంకో వైపు కూడా ఉంది. 2008లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు, ఇంకొందరు కలిసి డీర్యామ్‌లో డేటా పవర్ తీశాక కూడా కొన్ని సెకన్లు ఉంటుందనీ, చిప్పుల్ని బాగా చల్లబరిస్తే ఇంకా చాలాసేపు ఉంటుందనీ, అందులోంచి ఎన్‌క్రిప్షన్ కీలు లాగేయొచ్చనీ చూపించారు. కోల్డ్ బూట్ అటాక్ అంటే అదే. మాకు ఉత్తరాలు దొరికిన దారిలోనే దొంగకి తాళంచెవి దొరుకుతుంది. "డిలీట్ చేశాను", "రీస్టార్ట్ చేశాను" అంటే రిజిస్టర్ చించాను అని మాత్రమే అర్థం. ఏది పోకూడదో దానికి చీటీ రాసిపెట్టుకోవాలి. ఏది నిజంగా పోవాలో దాని మీద మనమే వేరేది రాయాలి.

ఆ 488 అక్షరాలు

రాత్రి భోజనాలయ్యాక ఉత్తరాలు ప్రింట్ తీసి, నాన్నమ్మకి వినిపించడం మొదలుపెట్టాను. నాలుగోది వచ్చేసరికి చెప్పాను, ఇక్కడ ఒక ముక్క లేదు నాన్నమ్మా, దొరకలేదు అని.

ఆ ముందు లైన్ పెదనాన్న మొదటిసారి చలికాలం చూడటం గురించి. "ఇక్కడ నాలుగింటికే చీకటి పడుతోందమ్మా" అని ఆగిపోయింది. తర్వాత దొరికిన బ్లాక్ "పంపించు, తొందరేం లేదు" అని మొదలవుతుంది.

"చారుపొడి అడిగాడే" అంది నాన్నమ్మ వెంటనే. "అయిపోయిందన్నాడు. కొట్లో దొరికేది కారం ఎక్కువ, వాసన లేదన్నాడు. ఎవరైనా వస్తుంటే పంపించు అన్నాడు. మీ తాతయ్య ఆఫీసులో ఒకాయన వెళ్తుంటే ఇచ్చి పంపాను."

తాతయ్య కుర్చీలోంచి లేవకుండానే అన్నారు: "అర కేజీ. డబ్బాకి గుడ్డ చుట్టి కుట్టింది."

నేను ఆ ప్రింట్‌లో ఖాళీ ఉన్నచోట పెన్‌తో, తెలుగు అక్షరాల్లోనే, నాన్నమ్మ చెప్పింది రాసిపెట్టాను.